మంచి ముక్కలను విడిచిపెట్టే లెక్క

పదమూడవ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి ఆంధ్ర మహాభారత రచనకు పూనుకొన్నప్పుడు మొదట చేపట్టినది విరాటపర్వం. ఆ పర్వంలో ధర్మరాజు కంకుభట్టు అను పేరుతో విరాటుని కొలువులో చేరి, రాజుకు జూదంలో తోడుగా ఉంటాడు. సభాపర్వంలో రాజ్యాన్ని, తమ్ములను, తుదకు ద్రౌపదిని సైతం ఒడ్డి ఓడినవాడు ఇక్కడ పాచికలలో నేర్పరి! ఈ రెంటికి నడుమ అరణ్యవాసంలో బృహదశ్వుడను ముని అతనికి నలుని కథ చెప్పి, అక్షహృదయమను విద్యను ఉపదేశించినాడు.

నలుని కథలో ఋతుపర్ణ మహారాజు రథంలో పోతూ పోతూ ఒక తాండ్రచెట్టును చూచి, దాని రెండు కొమ్మలలో ఐదు కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నవని చెప్పినట్లు సంస్కృత భారతంలో ఉన్నది. నలుడు రథమాపి, చెట్టు పడగొట్టి లెక్కించగా కాయలు సరిగా అన్నే ఉన్నవట. పూర్వం జూదానికి వాడినవి ఈ తాండ్రకాయలే. త్రిఫలాలలో ఒకటైన తానికాయ ఇదే. లెక్కించే విద్యకూ, జూదానికీ ఉన్న చుట్టరికాన్ని ఇంత పూర్వమే గుర్తించిన కథ మరొకటి అరుదు. 1975లో సంభావ్యతా భావన చరిత్రను వ్రాసిన కెనడా తత్త్వశాస్త్రజ్ఞుడు ఇయన్ హాకింగ్ ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఐతే ధర్మరాజుకు సభాపర్వంలో కొరవడినది లెక్క ఒక్కటే కాదు. మొదటి జూదం ముగిసిన తరువాత ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చి పంపినాడు. ఇంద్రప్రస్థానికి పోతున్న దారిలో మళ్లీ పిలుపు రాగా, వెనుదిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఎప్పుడు ఆడవలె అన్నది కాక, ఎప్పుడు విడువవలె అన్న ప్రశ్న ఇది. ఈ ప్రశ్నలో కష్టమైన భాగం చెడ్డ ముక్కలు వచ్చినప్పటిది కాదు. చెడ్డవాటిని పసివాడైనా పారవేయగలడు. చేతిలో మంచి ముక్కలు ఉన్నప్పుడు విడువవలసిన సందర్భం ఉన్నదా? ఉంటే దాన్ని ఎట్లా గుర్తించవలె? జూదగాండ్ర కొరకు పుట్టిన ఈ ప్రశ్నకు గణితశాస్త్రజ్ఞులు జవాబు వెదకుటకు సుమారు నాలుగు వందల ఏండ్లు పట్టినది. నేడు నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు గట్టున నిలిచిన రైతు కూడ ఇదే ప్రశ్నను ఎదుర్కొంటున్నాడు.

ముందుగా పేకాట సంగతి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో అమెరికాలో పుట్టిన పోకరు ఆటలో నేడు ఎక్కువగా ఆడే పద్ధతి పేరు టెక్సాస్ హోల్డెం. ప్రతివానికి రెండు ముక్కలు మూసి పంచుతారు. తరువాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు క్రమంగా బల్లపై తెరుస్తారు. తన రెండూ, బల్లపై ఐదూ కలిపి అందులో మేలైన ఐదు ముక్కలు ఎవరివో వారిది గెలుపు. నడుమ నడుమ పందెం పెంచవచ్చు; పెంచినవానికి సమంగా డబ్బు వేయలేనివాడు, లేదా వేయనొల్లనివాడు ముక్కలు పడవేసి తప్పుకోవచ్చు.

52 ముక్కలలో రెంటిని 1,326 విధాలుగా తీయవచ్చు. వీటిలో ఆసుల జత ఆరు విధాలుగా వస్తుంది: అనగా 221 సార్లకు ఒకసారి. రాజుల జత కూడ అంతే. ఆసుల జత అన్నింటిలో మేలైనది. రాజుల జతది రెండవ స్థానం. ఎదుట ఒక్కడే ఉండి, వాని ముక్కలు ఏవో తెలియనప్పుడు రాజుల జత చివరి దాకా నిలిస్తే నూటికి 82 సార్లు గెలుస్తుంది. ఇంతటి ముక్కలను పారవేయుట వెర్రితనమని ఎవరికైనా తోస్తుంది.

ఇటలీ దేశపు వైద్యుడు, గణితవేత్త కార్డానో (1501–1576) జూదంపై ఒక చిన్న పుస్తకం వ్రాసినాడు. అది అతడు చనిపోయిన చాలాకాలానికి, 1663లో అచ్చయినది. సాధ్యమైన ఫలితాలన్నిటిని లెక్కించి, అందులో అనుకూలమైనవి ఎన్నో చూడవలెనన్న సూత్రం అందులో కనిపిస్తుంది. 1654లో పాస్కల్, ఫెర్మా ఒకరికొకరు వ్రాసుకొన్న ఉత్తరాలలో ప్రశ్న మరి కొంత ముందుకు పోయినది. ఆట సగంలో ఆగిపోతే పందెపు డబ్బును ఎట్లా పంచవలె? ముగియని ఆటకు ఒక విలువ ఉన్నదనీ, ఆ విలువ ఇప్పటివరకు జరిగినదానిపై కాక, ఇకమీద జరగగలదానిపై ఆధారపడుతుందనీ వారు తేల్చినారు. ముక్కలు విడిచే ప్రతి నిర్ణయానికి ఇదే మూలం. తాను లోగడ వేసిన డబ్బు బల్లమీదిదే గాని తనది కాదు.

పాస్కల్, ఫెర్మాల లెక్కలో ఎదుటివాని బుద్ధికి చోటు లేదు. పాచికలకు బుద్ధి ఉండదు గదా. ఆ చోటును మొదట తెరచినది లె హెర్ అను ఒక చిన్న ఫ్రెంచి పేకాట. ఇద్దరు ఆటగాండ్రు, చెరి ఒక ముక్క. పెద్ద ముక్క గలవాడు గెలుస్తాడు. తన ముక్క నచ్చనివాడు పంచినవానితో మార్చుకోవచ్చు. పంచినవాడు పేకలో పై ముక్కతో మార్చుకోవచ్చు. చిన్న ముక్క వస్తే మార్చవలె, పెద్దది వస్తే ఉంచవలె. తగవంతా నడిమి ముక్కల దగ్గర వచ్చినది. మొదటివానికి ఏడు వస్తే ఏమి చేయవలె? పంచినవానికి ఎనిమిది వస్తే? మోన్‌మోర్, నికొలస్ బెర్నూలీ మొదలైనవారు దీనిపై ఏండ్ల తరబడి ఉత్తరాలు వ్రాసుకొన్నారు. ఒకని మేలైన పద్ధతి రెండవవాని పద్ధతిపై ఆధారపడుట వలన లెక్క ఎక్కడా నిలువలేదు. తుదకు వాల్డ్‌గ్రేవ్ అను ఒక పెద్దమనిషి పరిష్కారం సూచించినాడు: ఏడు వచ్చినప్పుడు ఎల్లప్పుడూ ఉంచనూ వద్దు, ఎల్లప్పుడూ మార్చనూ వద్దు, ఒక నిర్ణీత నిష్పత్తిలో, చీటీ తీసినట్లు, కొన్నిసార్లు ఉంచి కొన్నిసార్లు మార్చవలె. 1713లో మోన్‌మోర్ గ్రంథపు రెండవ కూర్పులో ఇది అచ్చయినది. తరువాత రెండు వందల ఏండ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1934లో ఇంగ్లండు సాంఖ్యక శాస్త్రజ్ఞుడు ఫిషర్ ఈ పాత చిక్కునే చేపట్టి, వాల్డ్‌గ్రేవ్ సంగతి తెలియకుండానే అదే జవాబుకు వచ్చినాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి. ఆర్. రావు (1920–2023) తరువాత కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినది ఈ ఫిషర్ వద్దనే.

ఇక రెండవ సాధనం. 1763లో, రచయిత చనిపోయిన రెండేండ్లకు, థామస్ బేస్ అను మతాచార్యుని వ్యాసం వెలువడినది. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పాత అంచనాను ఎంత మేరకు మార్చుకోవలెనో దాని వలన తెలుస్తుంది. రాజుల జతకు దీన్ని అన్వయించి చూతము. పాఠకులు కాగితం మీద వేసికొన్న యెడల త్వరగా బోధపడుతుంది.

మన చేతిలో రెండు రాజులు ఉన్నవి. మిగిలిన 50 ముక్కలలో ఎదుటివానికి రెండు ముక్కలు 1,225 విధాలుగా రావచ్చు. అందులో ఆసుల జత ఆరు విధాలు. కావున వానికి ఆసుల జత ఉండుటకు అవకాశం 204లో ఒకటి. భయపడవలసినది ఏమీ లేదు. ఎదుట తొమ్మిదిమంది ఉంటే వారిలో ఎవరో ఒకరికి ఆసుల జత ఉండుటకు అవకాశం సుమారు 23లో ఒకటికి పెరుగుతుంది. అప్పటికీ భయం లేదు. ఇది ఎవరూ నోరు విప్పక ముందరి లెక్క.

ఇప్పుడు ఒకడు తన డబ్బంతా ముందుకు తోసినాడనుకొనుడు. వాడు ఆసుల జతకో, రాజుల జతకో తప్ప ఎన్నడూ అట్లా తోయని మహా జాగ్రత్తపరుడు. ఆసుల జతకు విధాలు ఆరు. నాలుగు రాజులలో రెండు మన వద్దనే ఉన్నవి గనుక వానికి రాజుల జత వచ్చే విధం ఒక్కటే. ఏడింటిలో ఆరు పాళ్లు ఆసులే! ఆసులకు ఎదురుగా రాజుల జత గెలిచేది నూటికి 18 సార్లు. రాజులకు రాజులు సమానం. సరాసరి తీస్తే మన గెలుపు నూటికి 22 లేదా 23.

అదే పని చేసినవాడు రాణుల జతకూ, ఆసు–రాజు కలిసిన ముక్కలకూ కూడ డబ్బు తోసేవాడైతే? ఆసుల జత 6 విధాలు, రాజుల జత 1, రాణుల జత 6, ఆసు–రాజు 8, మొత్తం 21. రాణుల జతపై రాజులు నూటికి 82 సార్లు, ఆసు–రాజుపై సుమారు 69 సార్లు గెలుస్తవి. సరాసరి నూటికి 57 అవుతుంది.

బల్లపై 150 రూపాయలు ఉన్నవి. నిలవడానికి 100 వేయవలె. అటుపైన పందెం లేదు. మొత్తం 250 అవుతుంది గనుక నూటికి 40 సార్లైనా గెలువగలిగితేనే 100 వేయుట న్యాయం. మొదటి మనిషి ఎదుట నిలిస్తే సరాసరిన తిరిగి వచ్చేది 56 రూపాయలు: 44 నష్టం. రెండవ మనిషి ఎదుట నిలిస్తే 143 వస్తుంది: 43 లాభం. ముక్కలు అవే, డబ్బు అదే. మారినది ఎదుటి మనిషిని గురించి మనకు తెలిసిన సంగతి మాత్రమే. మొదటి మనిషి ముందు రాజులను పడవేసిన తరువాత వాడు తన చేతిలోనివీ రాజులేనని చూపి నవ్వవచ్చు. ఏడింట ఒకసారి అట్లా జరగనే జరుగుతుంది. దాని వలన లెక్క తప్పు కాదు.

అయితే ఎదుటివానికి కూడ ఈ లెక్క తెలిసినదైతే? మనం రాజులను సైతం పడవేసే రకమని గ్రహించి, చేతిలో ఏమీ లేకుండానే డబ్బు తోస్తాడు. ఈ చక్రాన్ని ఛేదించినవాడు హంగరీలో పుట్టిన జాన్ ఫాన్ నాయ్‌మన్. అంతకు ముందు 1921లో ఫ్రెంచివాడైన బొరేల్ దారి చూపినాడు. 1928లో ఫాన్ నాయ్‌మన్ ఇద్దరాడే ఆటలకు మూలసూత్రం నిరూపించి, 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వ్రాసిన గ్రంథంలో పోకరును విపులంగా చర్చించినాడు. బొంకు పందెం జూదగాని కొంటెతనం కాదనీ, సరియైన ఆటలో అది ఉండి తీరవలెననీ అతడు చూపినాడు.

1950లో హెరాల్డ్ కూన్ దీన్ని మూడే ముక్కల ఆటగా కుదించినాడు: రాజు, రాణి, జాకీ. ఇద్దరు చెరి ఒక రూపాయి వేసి చెరి ఒక ముక్క తీస్తారు. పైన ఇంకొక రూపాయి పందెం వేయవచ్చు. రాజు వచ్చినవాడు ఎన్నడూ విడువడు, జాకీ వచ్చినవాడు ఎదుటి పందేనికి నిలువడు. చిక్కంతా రాణితోనే. మొదటివాడు పందెం వేసినాడు, రెండవవాని చేతిలో రాణి ఉన్నది. ఎల్లప్పుడూ విడిస్తే మొదటివాడు జాకీతో బొంకి దోచుకొంటాడు. ఎల్లప్పుడూ నిలిస్తే రాజు ఉన్నప్పుడే పందెం వేస్తాడు. కూన్ లెక్క ప్రకారం మూడుసార్లకు ఒకసారి నిలవవలె, రెండుసార్లు విడువవలె. ఇంత చేసినా మొదటివానికి సరాసరిన ఆటకు రూపాయిలో పద్దెనిమిదవ వంతు నష్టం తప్పదు. తరగతి గదిలో మూడు ముక్కలతో, డబ్బుకు మారుగా చింతగింజలతో, ఒక గంటలో దీన్ని ఆడి చూపవచ్చు.

యాభై రెండు ముక్కల ఆటకు యంత్రాలు కావలసి వచ్చినవి. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు, పందేనికి హద్దు ఉన్న ఇద్దరి హోల్డెం ఆట దాదాపు పూర్తిగా పరిష్కృతమైనదని ప్రకటించినారు. హద్దు లేని ఆటలో 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు యంత్రం నలుగురు నిపుణులపై 1,20,000 ఆటలలో పైచేయి సాధించినది. 2019లో ఆరుగురి ఆట కూడ యంత్రానికి లొంగినది.

మన దేశంలో ఈ ప్రశ్న గణితశాస్త్రజ్ఞుల వద్దకంటె ముందు న్యాయస్థానానికి వచ్చినది, అదీ తెలుగు నాట నుండి. 1963 మే నెలలో సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకొన్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేయగా హైకోర్టు దాన్ని కొట్టివేసినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోగా, 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెప్పినారు. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకు, ఏది ఉంచవలె, ఏది పారవేయవలె అని నిర్ణయించుటకు నేర్పు కావలెననీ, కావున అది మూడు ముక్కలాట వలె కేవలం అదృష్టపుటాట కాదనీ ఆ తీర్పు సారాంశం. మూడు ముక్కలాట విషయంలో గణితం ఇంత దూరం పోనివ్వదు. విడుచుటకు స్వేచ్ఛ ఉన్న ఏ ఆటలోనైనా నేర్పుకు కొంత చోటు ఉంటుంది. కూన్ మూడు ముక్కలతో చూపినది అదే గదా!

రమ్మీలో విడుచుటకు ఒక వెల ఉన్నది. 80 పాయింట్ల ఆటలో ముక్క తీయక ముందే తప్పుకొంటే 20, ఒకసారి తీసిన తరువాత తప్పుకొంటే 40, చివర దాకా నిలిచి ఓడితే 80 వరకు పడుతుంది. ఇక్కడ మంచి ముక్కలు కంటిని మోసగించగలవు. మూడు రాజులు, మూడు ఆసులు ఉన్నా, జోకరు లేని అసలు సీక్వెన్సు ఒకటి కుదరకపోతే ముక్కలన్నీ నెత్తిన పడతవి. గెలిస్తే సరాసరిన 60 వస్తుందనీ, ఓడితే 50 పోతుందనీ అనుకొందము. మొదట్లోనే విడిస్తే 20 పోతుంది గనుక, గెలుపు అవకాశం నూటికి 27కు తక్కువైతే విడుచుటే మేలు. ఒక ముక్క తీసిన తరువాత విడిచే వెల 40. అప్పుడు అవకాశం నూటికి 9 ఉన్నా నిలవవలసి వస్తుంది. పోకరులో లోగడ వేసిన డబ్బును మరువవలె. రమ్మీలో రాబోయే వెలను ముందే తలచుకోవలె. కావున రమ్మీలో అసలు నిర్ణయం మొదటి ముక్క తీయక ముందే జరిగిపోతుంది.

1967 తీర్పు క్లబ్బులకు ఒక హద్దు కూడ పెట్టినది: నడిపేవాడు పందెపు డబ్బులో లాభం తీస్తే అది నేరం. ఈ హద్దు ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. సమాన నేర్పు గల ఇద్దరు చెరి 100 వేసి, నడిపేవాడు 200లో పదోవంతు తీసికొంటే గెలిచినవానికి 180 వస్తుంది. నూటికి 56 సార్లు గెలిస్తే గాని పెట్టుబడి రాదు. ఇద్దరూ 56 సార్లు గెలువలేరు. సెల్‌ఫోనులో రమ్మీ, పోకరు వచ్చిన తరువాత ఈ కోత ఆట ఆటకూ, రాత్రింబవళ్లు, చడీచప్పుడు లేకుండా సాగినది. ఎన్నో కుటుంబాలు అప్పులపాలైనవి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి వాటిని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పా అదృష్టమా అన్న భేదం చూడక, డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటిని దేశమంతటా నిషేధించినది.

చట్టం ఆపలేని పందేలు కొన్ని ఉన్నవి. నెల్లూరు తీరంలో 1990 ప్రాంతంలో టైగరు రొయ్యల సాగు వేగంగా వ్యాపించినది. 1994–95లో వైరసు తెగులు వచ్చి చెరువులు తుడిచిపెట్టుకొని పోయినవి. 2009 తరువాత వనామి రొయ్య వచ్చినా తెల్లమచ్చ వైరసు మాత్రం పోలేదు. అది ప్రబలితే మూడు మొదలు పది రోజులలో చెరువంతా చచ్చిపోవచ్చు. మంచి సీడు, మంచి నీరు, మంచి ఎదుగుదల ఉన్న డెబ్బై రోజుల చెరువు రైతుకు రాజుల జత వంటిది. పక్క చెరువులో తెగులు కనిపించినదన్న వార్త ఎదుటివాడు డబ్బు తోసినట్లు.

లెక్క కొరకు కొన్ని అంకెలు తీసికొందము. ఈనాడే పట్టుబడి చేస్తే కౌంటు చిన్నది గనుక 3 లక్షలు వస్తుంది. పూర్తిగా పెంచితే 8 లక్షలు. అందుకు ఇంకా లక్ష రూపాయల మేత కావలె. తెగులు సోకితే ఏమీ రాదు. చెరువు బ్రతికే అవకాశం సగానికి మించితే ఉంచవలె, సగానికి తగ్గితే పట్టవలె. ఇప్పటికే మేతకు పెట్టిన నాలుగు లక్షలకు ఈ లెక్కలో చోటు లేదు. రైతు మనసులో మాత్రం ముందు వరుసలో కూర్చొనేది ఆ నాలుగు లక్షలే. పేకాటలో లేని మరొక సంగతి కూడ ఇక్కడ ఉన్నది. తెగులు సోకిన చెరువు నీటిని బ్లీచింగు చేయక కాలువలోకి వదలితే ఓడేది పక్క రైతులు.

పేకాటలో ఎదుటివాని ముక్కలు అడిగి చూచుటకు వీలు లేదు, చెరువులో ఉన్నది. కొన్ని రొయ్యలను తీసి ప్రయోగశాలకు పంపితే, పి.సి.ఆర్. పరీక్షలో మచ్చలు కనబడక ముందే వైరసు బయటపడుతుంది. పరీక్ష ఖర్చు, ఫలితం వచ్చేలోగా గడిచే కాలం, ఆ కాలంలో చెరువులో వేసే మేత కూడ ఆ లెక్కలో పద్దులే.